మబ్బుల బురుజు మీద మూడు రోజులు

"తన దేశాన్ని తన కళ్లతో చూడనివాడు పౌరుడు కాడు, వట్టి అద్దెదారు!"

ఇంతటి మహావాక్యం ఊరికే పుట్టదు. దర్శనీయ స్థలాల నిర్వహణ కార్యాలయం నుంచి వెళ్లే ప్రతి ఉత్తరం నెత్తిమీదా ఇది అచ్చయి ఉంటుంది. దీన్ని కనిపెట్టినవాడు ఆ కార్యాలయపు సూపరింటెండెంటు. కనిపెట్టినందుకు పైవాళ్లు ఆయనకు ఒక గోడ గడియారం బహూకరించారు. అప్పటికి ఆయన తన కళ్లతో చూసిన దేశం ఎంతంటే, ఇంటి నుంచి ఆఫీసు దాకా. సాయంత్రం మళ్లీ అదే దేశాన్ని అవతలి వైపు నుంచి చూసేవాడు.

అలాగని ఆయన ప్రయాణాలు చెయ్యలేదనుకుంటే పొరపాటే. కాగితాల మీద ఆయన తిరిగినంత దూరం పక్షులు కూడా తిరిగి ఉండవు. అందులో ముఖ్యమైనది మబ్బుల బురుజు తనిఖీ. దేశం నడిమధ్యన ఒక గుట్ట మీద, మూడు వందల పన్నెండు మెట్లతో, మబ్బుల్ని తాకుతూ నిలిచిన కట్టడం అది. సూపరింటెండెంటు ఏటా ఒకసారి స్వయంగా వెళ్లి, మూడు రోజులు అక్కడే మకాం వేసి, దాని మంచిచెడ్డలు చూసి నివేదిక రాయాలని నిబంధన. ఆ నిబంధనను ఆయన పద్దెనిమిదేళ్లుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు, ఒక్క వెళ్లడం తప్ప.

వెళ్లకపోవడం ఆయన తప్పు కాదు, ఆఫీసు ఆచారం. ఆఫీసు వెనక పాత రికార్డుల గది ఒకటి ఉంది. తనిఖీకి బయల్దేరిన అధికారి సంచీ సర్దుకుని, ఇంట్లో చెప్పి, బస్టాండు వైపు వీధి చివరిదాకా నడిచి, చుట్టు తిరిగి వచ్చి ఆ గదిలో దూరేవాడు. రెండు మంచాలు, ఒక స్టవ్వు, మూడు కట్టల పేకముక్కలు అందులో తరతరాలుగా ఉన్నాయి. మూడు రోజులు కంటినిండా నిద్రపోయి, పాత నివేదిక తీసి తేదీ మార్చి, ఆఖరున బీరువా కింది దుమ్ము కాస్త తీసి బూట్లకు రాసుకుని ఇంటికి వెళ్లేవాడు. ఈ దుమ్ము కిటుకు ఆయనకు ముందున్న సూపరింటెండెంటు నేర్పాడు. ఆయనకు అంతకు ముందున్నాయన నేర్పాడట. ప్రభుత్వంలో విద్య అలా చేతులు మారుతుంది.

ఇంట్లో ఆయన భార్య ఎదురు చూస్తుండేది. ఆవిడ బడిలో భూగోళం చెప్పే టీచరు. "పాపం, మూడొందల పన్నెండు మెట్లు" అని వేడినీళ్ల గుడ్డతో కాళ్లకు కాపడం పెట్టేది. కాపడం పెడుతూ, పైనుంచి ఏం కనిపించిందని అడిగేది. అంత ఆశగా అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. రెండు నదులు కలిసే చోటు కనిపిస్తుందన్నాడు. ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా ఉంటుందన్నాడు. అవతలి ఒడ్డున పడవవాడి గుడిసె ఉందనీ, బురుజు మీద మనిషి కనబడితే పడవవాడు చెయ్యి ఊపుతాడనీ అన్నాడు. మరుసటేడు ఆ పడవవాడికి పెళ్లి చేశాడు. ఆ తర్వాత ఇద్దరు పిల్లల్నిచ్చాడు. టీచరు ఇవన్నీ క్లాసులో చెప్పేది. పద్దెనిమిది తరగతుల పిల్లలు ఆ పడవవాడి యోగక్షేమాలు తెలుసుకుంటూ పెద్దవాళ్లయ్యారు.

ఒక్క ఏడు మాత్రం ఆ గదిలో ఆయనకు నిద్ర పట్టలేదు. అప్పుడు కూతురికి ఏడేళ్లు. తనిఖీ రెండో రోజున గోడమీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. రికార్డుల గది వెంటిలేటర్లోంచి చూస్తే, భార్య పిల్లను భుజానేసుకుని ఎదురుగుండా ఉన్న ఎముకల డాక్టరు ఇంటికి పరుగెడుతోంది. ఆయన గబగబా బూట్లు తొడుక్కున్నాడు. తర్వాత విప్పేశాడు. దేశం నడిమధ్యన బురుజు మీదున్న మనిషి ఉన్నట్టుండి వీధిలోకి ఎలా ఊడిపడతాడు? మూడో రోజు సాయంత్రం ఇంటికి పోయి, కట్టు చూసి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పద్దెనిమిదేళ్ల తనిఖీల్లో అదొక్కటే నిజం.

ఇదిలా ఉండగా పోయిన నెల టీచరు రిటైరైంది. పిల్లలంతా కలిసి చేత్తో గీసిన దేశపటం ఒకటి కానుకగా ఇచ్చారు. అందులో మబ్బుల బురుజు రాజధాని కంటే పెద్దదిగా ఉంది. పక్కన పడవవాడు, భార్య, ఇద్దరు పిల్లలు.

"ఏవండీ, ఈ కొస నుంచి ఆ కొస దాకా మన కార్లోనే దేశం చూసొద్దాం. పన్నెండు రోజులు. నేనే నడుపుతాను" అంది టీచరు ఆ రాత్రి పటం బల్ల మీద పరిచి. "ఐదో రోజు బురుజు. ఇన్నేళ్లు నోటితో చెప్పాను, ఒక్కసారి కళ్లతో చూడాలి."

సూపరింటెండెంటు పటాన్ని మెల్లగా మడవబోయాడు.

"అంత దూరం నీకెందుకు శ్రమ? నేను చూసినదంతా నీకు చెబుతూనే ఉన్నాను కదా" అన్నాడు.

"మీరు చెప్పబట్టే చూడాలనిపిస్తోంది."

మహావాక్యం రాసిన చేత్తో ప్రయాణం వద్దని ఎలా అంటాడు? పైగా టీచరు అన్నగారు కూడా వస్తానన్నాడు. ఆయన రిటైరైన కట్టడాల ఇంజినీరు. కంటికి కనబడినదాన్ని నమ్మడు, వేలి కణుపుతో తట్టి చూసి గాని నమ్మడు. గోడలు, స్తంభాలు, ఒకసారి మాట్లాడుతున్న మనిషి గుండె కూడా తట్టి చూశాడు. తాను కట్టిన వంతెనల గురించి గుక్కతిప్పుకోకుండా రెండు రోజులు చెప్పగలడు, ప్రయాణం మొదలయ్యాక చెప్పాడు కూడా. రెండో రోజు సాయంత్రం మాత్రం వెనక సీట్లో పటం విప్పి చూసుకుని, "దారిలో బురుజు కూడా ఉందా?" అన్నాడు. ఉందంది టీచరు. అంతే, ఆ తర్వాత ఆయన నోట్లోంచి వంతెన రాలేదు. సూపరింటెండెంటు తన బాధలో తానుండి దీన్ని పట్టించుకోలేదు.

ఐదో రోజు పొద్దున్న ఏడింటికి టీచరు కారు తుడిచి, నీళ్లు నింపి సిద్ధంగా ఉంది. బురుజు వాళ్లు రాత్రి దిగిన హోటలుకు మూడు గంటల దూరం. సాయంత్రం ఐదింటికి గేటు మూసేస్తారని ఆఫీసు పుస్తకంలో ఉంది. అంటే పది గంటల టైములో ఏడు గంటలు తగలెయ్యాలి. గేటు మూసి ఉంటే, "అయ్యో, దురదృష్టం" అని వెనక్కి తిరగవచ్చు. తెరిచి ఉంటే అక్కడి కాపలావాడు అందరి ముందూ, "మీరెవరు సార్? ఎప్పుడూ చూళ్లేదే" అంటాడు. సూపరింటెండెంటు భయం అదే. పద్దెనిమిదేళ్ల కాపడం ఆ ఒక్క మాటతో చల్లారిపోతుంది.

"ఈ ఊళ్లో మట్టి మ్యూజియం ఉందోయ్" అన్నాడు బండెక్కుతూ. "చూడకుండా పోతే నేరం."

"చూడాల్సిందే" అన్నాడు ఇంజినీరు వెంటనే. ఆయన దేనికీ అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు.

మట్టి మ్యూజియం అంటే ఒక పాత గది. అందులో నూట నలభై గాజు సీసాలు, ఒక్కో సీసాలో ఒక్కో రకం మట్టి. దాన్ని చూపించే పెద్దాయన పావుగంటలో ముగించి తలుపు వైపు నడిచాడు. సూపరింటెండెంటు ఆయన్ని ఆపి, ఇరవై మూడో సీసాకూ ఇరవై నాలుగో సీసాకూ తేడా చెప్పమన్నాడు. పెద్దాయన ఒక్కసారి కన్నీళ్ల పర్యంతమయ్యాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో తనను ఎవరూ ప్రశ్న అడగలేదట. మొదటి సీసా దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఇంజినీరు ప్రతి సీసానూ తట్టి చూశాడు. టీచరు మొదటి గంట నోట్సు రాసుకుంది, మిగతా గంటలన్నీ గుమ్మంలో కూర్చుంది.

పదకొండింటికి బయటపడితే, ఈసారి ఇంజినీరు రోడ్డు పక్కన ఇనుప వంతెన చూసి బండి ఆపమన్నాడు. అది వాడకం మానేసి ఎన్నో ఏళ్లయిన వంతెన. కింద నీళ్లు కూడా లేవు.

"ఇలాంటి రివెట్లు ఇప్పుడు ఎవడూ కొట్టడు చెల్లాయ్. లెక్కపెట్టాలి" అన్నాడు.

"లెక్కపెట్టాలి, తప్పదు" అన్నాడు సూపరింటెండెంటు.

బావలిద్దరూ చెరో చివర నుంచి మొదలుపెట్టారు. మధ్యలో కలిసినప్పుడు ఆయన లెక్కకూ ఈయన లెక్కకూ ఏడు తేడా వచ్చింది. అంత పెద్ద తేడాను దేశంలో వదిలేసి వెళ్లడానికి ఇద్దరి మనస్సాక్షీ ఒప్పుకోలేదు. మళ్లీ లెక్కపెట్టారు.

"మీ ఇద్దరికీ ఎండదెబ్బ తగిలినట్టుంది" అంది టీచరు.

భోజనం ఒక హోటల్లో. అది అయ్యేసరికి ఒంటిగంటన్నర. ఇప్పుడు బయల్దేరినా నాలుగున్నరకు చేరిపోతారు. టీచరు చెయ్యి కడుక్కుని వచ్చేలోగా సూపరింటెండెంటు పిల్లిలా నడిచి కారు దగ్గరికి పోయాడు. జేబులోంచి అగ్గిపుల్ల తీసి, ముందు టైరు పక్కన గొంతుక్కూర్చుని, గాలి వదలడం మొదలుపెట్టాడు. బుస్సుమని ఒక చప్పుడు వచ్చింది. ఆయన ఉలిక్కిపడ్డాడు, ఎందుకంటే చప్పుడు రెండు చోట్ల నుంచి వస్తోంది. వంగి కారు కింద నుంచి చూస్తే, అవతల వెనక టైరు పక్కన ఇంజినీరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ తేలుకుట్టిన దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు.

"గాలి కాస్త ఎక్కువైనట్టుంది బావగారూ" అన్నాడు ఇంజినీరు.

"అవును, ఈ వైపు కూడా" అన్నాడు సూపరింటెండెంటు.

ఇంతలో టీచరు వచ్చింది. రెండు టైర్లనూ చూసింది, ఇద్దరు మగాళ్లనూ చూసింది. డిక్కీ తీసి కాలితో తొక్కే పంపు బయట పెట్టి, నడుం బిగించి పది నిమిషాల్లో రెండు టైర్లూ నింపేసింది. "ఎక్కండి" అంది. బడిపిల్లలు ఎక్కినట్టు ఎక్కారు.

దారిలో సూపరింటెండెంటుకు ఒకటే ఆలోచన. నాకైతే భయముంది, ఈయనకేమొచ్చింది? ఇంజినీరు మాత్రం వెనక నుంచి ముందుకు వంగి నెమ్మదిగా మాట కదిపాడు.

"బావగారూ, పోయిన ఏడు కూడా బురుజెక్కారా?"

"ఏటా ఎక్కుతాను."

"అన్ని మెట్లూ?"

"మూడొందల పన్నెండు. ఒక్కటి తగ్గితే నివేదికలో రాయనూ?"

ఇంజినీరుకు దగ్గు తెర వచ్చింది. కాసేపు దగ్గి నీళ్లు తాగాడు.

"పైన రెయిలింగు ఎలా ఉంది?"

"బ్రహ్మాండం. చెయ్యి వేస్తే చల్లగా ఉంటుంది."

ఇంజినీరుకు మళ్లీ దగ్గు. "ఈ దగ్గుతో నేను ఎక్కలేనేమో. చెల్లాయ్, వెనక్కి తిప్పెయ్యరాదూ?" అన్నాడు.

"నువ్వు కిందే కూర్చో అన్నయ్యా. నేనూ మీ బావా ఎక్కుతాం" అంది టీచరు, గేరు మార్చి.

నాలుగు ముప్ఫై అయిదుకు గుట్ట మీదికి చేరారు. టీచరు దారి పొడవునా రోడ్డూ గడియారమూ తప్ప పైకి చూడలేదు, మిగతా ఇద్దరూ తలెత్తే సాహసం చెయ్యలేదు. గేటు బార్లా తీసి ఉంది. గేటు పక్కన పచ్చరంగు వేసిన చిన్న గది, దాని ముందు కుర్చీలో యూనిఫారం వేసుకున్న నడివయసు కాపలావాడు. అతని తల మీద పెద్ద బోర్డు: "ఒకేసారి పదిమందికి మించి బురుజు ఎక్కరాదు. పైనుంచి వంగి చూడరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు."

"ఇంకా టైముందా అండీ?" అంది టీచరు ఆయాసపడుతూ.

"బోలెడుంది మేడమ్" అన్నాడు కాపలావాడు. "రెండు నిమిషాల పని. అదిగో, ఆ పొద దాటగానే."

టీచరు పరుగులాంటి నడకతో పొద దాటింది. వెనక సూపరింటెండెంటు. ఆ వెనక, అందరికీ వెనక, ఇంజినీరు.

పొద అవతల నాలుగు రాతి మెట్లు ఉన్నాయి. చక్కని మెట్లు. వాటి పైన గుండ్రంగా, నడుమెత్తున ఒక అరుగు. ఐదో మెట్టు ఉండవలసిన చోట ఆకాశం మొదలైంది.

టీచరు నాలుగు మెట్లూ ఎక్కి అరుగు మీద నిలబడింది. చుట్టూ చూసింది. నాలుగు వైపులా ఎండిన గడ్డి, కొన్ని మేకలు, తాము వచ్చిన రోడ్డు. ఒక నది కూడా లేదు. ఆవిడ చాలాసేపు నదుల కోసం చూసింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"బురుజేదండీ?"

సూపరింటెండెంటు నిజంగానే నోరు తెరిచాడు. తాను ఎక్కలేదన్న సంగతి ఆయనకు తెలుసు. ఎక్కడానికి ఏమీ లేదన్న సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది! అయినా ఉద్యోగి నోరు ఖాళీగా ఉండదు.

"అయ్యో, కూలిపోయినట్టుంది. పోయిన ఏడు చక్కగా ఉంది" అన్నాడు.

వెనకే వచ్చిన కాపలావాడికి రోషం పొడుచుకొచ్చింది. "ఏంటి సార్ ఆ మాట? పన్నెండేళ్లుగా ఇక్కడ డ్యూటీ చేస్తున్నాను. నా డ్యూటీలో ఒక్క రాయి కూలలేదు. కట్టినదంతా కట్టినట్టే ఉంది."

"కట్టిందెవరు?" అంది టీచరు.

కాపలావాడు అరుగు పక్కనున్న రాతి పలకను భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. మూడు వందల పన్నెండు మెట్ల బురుజు సంపూర్ణముగా నిర్మింపబడినదని అందులో చెక్కి ఉంది. కింద, ధ్రువీకరించిన ఇంజినీరు పేరు. అందులో ఇంటిపేరు టీచరు పుట్టింటిదే. ఆవిడ చదివి, అన్నగారి వైపు చూసింది. అన్నగారు అరుగు రాయిని వేలితో తట్టి చూస్తున్నాడు.

"పునాది దాకా కట్టాం చెల్లాయ్" అన్నాడు చివరికి. "తర్వాత రాయి రాలేదు. రాయి బదులు పైనుంచి ఆర్డరు వచ్చింది. 'మిగిలిన భాగము పూర్తయినట్టు భావించవలెను' అని. నేను భావించాను. అందరం భావించాం."

"మరి రెయిలింగు?" అన్నాడు సూపరింటెండెంటు, ఉండబట్టలేక.

"అది మీరు భావించింది" అన్నాడు ఇంజినీరు.

ఆ మాటతో కాపలావాడు సూపరింటెండెంటు వైపు కొత్తగా చూశాడు. "తమరు ఆఫీసు నుంచా సార్? తనిఖీ సారా?" అని గబుక్కున అటెన్షన్‌లో నిలబడ్డాడు. అతని మొహం వెలిగిపోయింది. "నేననుకుంటూనే ఉన్నాను, ఒక ఏడు కాకపోతే ఒక ఏడు మామూలు బట్టల్లో వస్తారని. ఏటా తనిఖీ పూర్తయింది, సహకరించినందుకు సంతోషం అని ఉత్తరం వస్తుంది కదా సార్. నేను సహకరించిందెప్పుడా అని బుర్ర బద్దలు కొట్టుకునేవాణ్ని. తమరు మారువేషంలో వస్తున్నారని చివరికి అర్థమైంది. ఉత్తరంలోని తేదీలు మళ్లీ వచ్చేసరికి మూడు రోజులూ గడ్డం గీసుకుని, ఎవరొచ్చినా కుర్చీ వేసేవాణ్ని. ఒక ఏడైతే మేకలు కాసే ఆయనకి మూడు రోజులు రెండుపూటలా భోజనం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను, తమరేననుకుని. ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు, మళ్లీ ఎప్పుడూ అని."

టీచరు అరుగు మీద కూర్చుంది. సూపరింటెండెంటుకు ఆవిడ అరిస్తే బాగుండుననిపించింది. బడిలో అరవని టీచరంటేనే పిల్లలు భయపడతారని ఆయనకు ఆ క్షణాన తెలిసింది.

"పడవవాడు కూడా లేడన్నమాట" అంది.

"లేడు."

"పిల్లలు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. పడవవాడి పిల్లల్ని తన చేతుల్తో చంపినంత పనయింది.

"అమ్మాయి చెయ్యి విరిగిన రోజున మీరెక్కడున్నారు?"

సూపరింటెండెంటు ఎన్నో వివరణలు రాసినవాడు. ఏ మెమోకైనా మూడు రకాల జవాబులు ఆయన కలం కొసన ఉంటాయి. ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

"రికార్డుల గదిలో" అన్నాడు. "డాక్టరు ఇంటికి ఎదురుగా. నువ్వు దాన్ని ఎత్తుకుని పోతుంటే చూశాను."

"చూశారా?"

"చూశాను. బూట్లు కూడా తొడుక్కున్నాను."

"తొడుక్కుని?"

"విప్పేశాను."

టీచరు లేచి, చీర దులుపుకుని, నాలుగు మెట్లూ దిగింది. ఇద్దరూ వెంట నడిచారు. కారు దగ్గరికి రాగానే డిక్కీలోంచి ఇద్దరి సంచులూ తీసి కాపలావాడి కుర్చీ పక్కన పెట్టింది.

"నిబంధన ప్రకారం తనిఖీ ఎన్నాళ్లు?" అంది.

"మూడు రోజులు మేడమ్" అన్నాడు కాపలావాడు ఉత్సాహంగా.

"చెయ్యండి" అంది మొగుడితో. "పద్దెనిమిదిసార్లు వచ్చానన్నారు, పంతొమ్మిదోసారి రండి. అన్నయ్యా, నువ్వూ ఉండు. భావించినవాడివి, పక్కనుండి సాయం చెయ్యి. నేను మూడో రోజు సాయంత్రం ఐదింటికి వస్తాను."

"నువ్వెక్కడికి?" అన్నాడు సూపరింటెండెంటు.

"దేశం చూడ్డానికి" అంది. కారు మలుపు తిరిగిపోయింది. గేటు మూసే టైమయిందని కాపలావాడు గేటు మూశాడు.

ఆ మూడు రోజుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవడమే మర్యాద. పచ్చగదిలో ఉన్నది ఒకే మంచం. బావలిద్దరూ దానిమీద వంతులవారీగా పడుకున్నారు. ఫోను చేస్తే టీచరు ఎత్తలేదు. కాపలావాడు పన్నెండేళ్ల ముచ్చట తీర్చుకున్నాడు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం టేపు తెచ్చి నాలుగు మెట్లూ కొలిపించాడు. మేకలు కాసే ఆయన వచ్చి, అసలు తనిఖీ సారు ఈయనా అని కిందా మీదా చూసి, పెదవి విరిచి వెళ్లిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం సూపరింటెండెంటు కాగితం తీశాడు. ఆయన మనసు నిజంగానే కరిగి ఉంది. ఈ గుట్ట మీద మూడు రోజులుగా భార్య మొహం తప్ప ఆయనకు ఇంకేమీ కనబడలేదు.

"జన్మలో మొదటిసారి చూసి రాస్తున్నాను బావగారూ. ఉన్నదున్నట్టు రాసేస్తాను. బురుజు లేదు, అంతే" అన్నాడు.

"రాయండి, మంచిదే" అన్నాడు ఇంజినీరు. "లేదు అని రాస్తే, ఎప్పట్నుంచి లేదని అడుగుతారు."

"కూలిపోయిందని రాస్తే?"

"నా డ్యూటీలో ఏదీ కూలలేదు సార్" అన్నాడు కాపలావాడు గుమ్మంలోంచి.

"ఉందని రాస్తే?"

"అది పాపం" అన్నాడు ఇంజినీరు. ఆయన మనసూ కరిగి ఉంది.

గంటసేపు ఇద్దరూ తలలు పట్టుకున్నారు. చివరికి ఇద్దరి మనస్సాక్షికీ సరిపడే నివేదిక ఒకటి తయారైంది: "మబ్బుల బురుజును మూడు దినములు నిశితముగా పరిశీలించడమైనది. ఎక్కడను పగుళ్లు కానరాలేదు. వంగుట, ఊగుట లేదు. పైనుండి ఎవరును జారిపడిన దాఖలా లేదు. గాలి వెలుతురు ధారాళముగా ఉన్నవి." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదని ఇంజినీరు రెండుసార్లు చదివి ధ్రువీకరించాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. సూపరింటెండెంటు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంతకాలానికి నిజాయితీగా ఒక పని చేశానని తృప్తిపడ్డాడు.

సరిగ్గా ఐదింటికి కారు వచ్చింది. టీచరు మొహం ఎండకు కమిలి ఉంది, జుట్టు చెదిరి ఉంది. సంచులు తానే ఎక్కించింది. ఎక్కడికెళ్లావని వాళ్లు అడగకముందే, బండి రోడ్డెక్కగానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఉత్తరానికి పోతే ఒక ఉప్పు చెరువు ఉందండీ. నీళ్లు లేవు, కనుచూపుమేర తెల్లగా ఉప్పే. నడుస్తుంటే కాళ్ల కింద కరకరమంటుంది. అక్కడ ఉప్పు పోగులేసే ముసలావిడ ఉంది. ఆవిడ కొడుకు నా దగ్గర చదివాడట. నన్ను చూడగానే, 'మీరు మా వాడికి రెండు నదులు చెప్పిన టీచరు కదూ' అంది. రెండు రోజులు వాళ్లింట్లోనే ఉంచేసుకుంది. సాయంత్రమయ్యేసరికి చెరువంతా గులాబీ రంగు తిరుగుతుంది. ఎక్కడెక్కడి కొంగలో వచ్చి వాలతాయి. ముసలావిడ చప్పట్లు కొడితే వరసగా లేస్తాయి."

సూపరింటెండెంటు పక్క సీట్లో బిగుసుకుపోయి విన్నాడు. ముసలావిడ కొడుకు సరిగ్గా ఈవిడ బళ్లోనే చదవడమేమిటి? చప్పట్లు కొడితే కొంగలు వరసగా లేస్తాయా?

ఇంజినీరు వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు. "చెల్లాయ్, ఈ చుట్టుపక్కల ఉప్పు చెరువు ఉన్నట్టు నాకెక్కడా..."

టీచరు అద్దంలోంచి ఆయన వైపు చూసింది. "నా మాట మీద నమ్మకం లేదా అన్నయ్యా?"

"అబ్బే, ఎంతమాట" అన్నాడు ఇంజినీరు.

"మీకు?"

"నాకు పూర్తి నమ్మకం" అన్నాడు సూపరింటెండెంటు. జీవితంలో ఏ కాగితం మీదా అంత తొందరగా సంతకం పెట్టి ఎరగడు.

టీచరు ముసలావిడ వంటగది గురించి, కొంగల కాళ్ల రంగు గురించి చెప్పుకుపోతోంది. ఎంత బాగా చెబుతోందో! ఆయనకు ఆ చెరువు కళ్ల ముందు కనిపిస్తోంది, పాదాల కింద ఉప్పు నలుగుతోంది. ఆయనకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక విషయం నిజమో కాదో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ దాన్ని చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ బండి నడుపుతోంది.